అసి కాలువకి అటూ ఇటూ

అలహాబాదు
మే 19

ప్రియమైన ఆజీకి,

నీ పాదాలకి దణ్ణం పెట్టి నీ మనవరాలు మంజరి రాసేది.

నేను రాయినట. ఈ సంగతి మన ఇంట్లో మళ్ళీ ఒకసారి ఖాయమైంది కాబట్టి ముందు అదే రాస్తున్నాను. మొన్న సాయంత్రం బాబూజీ కాశీ నుంచి వచ్చి, చెమట కూడా తుడుచుకోకుండా, నీ గుండె గురించి డాక్టరు చెప్పిందంతా చెప్పారు. గుండె నడుస్తూ నడుస్తూ మధ్యలో ఆగిపోతోందని, అందుకే నువ్వు నిలుచున్నదానివి నిలుచున్నట్టే కూలిపోతున్నావని, ఛాతీలో చర్మం కింద అగ్గిపెట్టెంత మిషను ఒకటి అమరిస్తే ఇంకా చాలా ఏళ్ళు సందులో అందరినీ తిడుతూ తిరగొచ్చని, అమర్చకపోతే ఏ పడిపోవడం ఆఖరిదవుతుందో ఎవరూ చెప్పలేరని. నీ ముద్దుల కూతురు శారదా బువా అక్కడే కూలబడి శోకాలు మొదలుపెట్టింది. నేను, "ఆ మిషనులో బ్యాటరీ ఎన్నేళ్ళు వస్తుంది? అయిపోతే మళ్ళీ కోయాలా?" అని అడిగాను. బువా ఏడుపు ఆపి మరీ అంది: "చూశావా త్రిభువన్, నీ కూతుర్ని. తల్లి శవం ముందే కంట తడి పెట్టని పిల్ల. దీనికి ఆజీ ఒక లెక్కా?"

ఆ గదిలో అడగాల్సిన ప్రశ్న అదొక్కటేనని ఎవరికీ తోచలేదు. పైగా నేను లోపల్లోపల నీ పక్షమేనట. ఫిలాసఫీలో ఎం.ఏ. చదివి బుర్ర పాడు చేసుకున్నానట. "ముసలావిడ ముక్తి అంటుంది, పడుచుపిల్ల తాళం వేస్తుంది" అని బువా ఇరుగుపొరుగు వాళ్ళకి కూడా చెప్పి వచ్చింది.

నేను నీ పక్షం కాదు ఆజీ. నాకు నువ్వు బతకాలి. ఏడవకుండా చెప్తే ఆ మాట మాట కాకుండా పోతుందా?

ఆసుపత్రి నీ ఇంటికి రిక్షాలో కాసేపటి దూరం. మధ్యలో ఉన్నదల్లా అసి. అది నది అని నువ్వంటావు. నేను చూసినప్పుడల్లా అందులో మురుగు, బర్రెలు, తెగిన చెప్పులు. తాతగారు పోయిన ఏడాది నువ్వు దోసిట్లో గంగనీళ్ళు పట్టుకుని, ఇటు అసి, అటు వరుణ, ఎదురుగా గంగ, ఈ మూడూ దాటను, ఇక్కడే ప్రాణం వదులుతాను అని సంకల్పం చెప్పుకున్నావని తెలుసు. అప్పటినుంచి నువ్వు మా ఇంటి పెళ్ళిళ్ళకి రాలేదు, పురుళ్ళకి రాలేదు, అమ్మ చావుకి కూడా రాలేదు. రాలేదని ఎవరూ నిన్ను పల్లెత్తు మాట అనలేదు. రాయి బిరుదు ఇంట్లో ఒక్కరికే ఇస్తారు కాబోలు.

ఒక్కసారి దాటు. మిషను పెట్టించుకుని మళ్ళీ వెనక్కి వచ్చెయ్యి. శివుడు కాశీలో అంతమందిని చూసుకోవాలి, నువ్వు కాసేపు లేకపోతే గమనించడు.

జవాబు వెంటనే రాయి. పోస్టుమాన్ సైకిలు గంట వినపడితే బాబూజీ నాకన్నా ముందు లేస్తున్నారు.

నీ
మంజరి


కాశీ, కేదార్‌ఘాట్ సందు
జ్యేష్ఠ కృష్ణ ఏకాదశి

బంగారు తల్లి మంజరికి,

ఆజీ ఆశీస్సులు. ముందు నీ ప్రశ్నకి జవాబు. బ్యాటరీ ఏడెనిమిదేళ్ళు వస్తుందట, తర్వాత మళ్ళీ కోస్తారట. నేనూ అదే అడిగాను. డాక్టరు కూడా నన్ను మీ బువాలాగే చూశాడు.

పడిపోయిన సంగతి వాళ్ళు పెద్దది చేసి చెప్పి ఉంటారు. సందు మొదట్లో సొరకాయ కొని సంచిలో వేసుకున్నాను, అంతవరకే గుర్తు. కళ్ళు తెరిచేసరికి ఒక ఆబోతు నా ముఖం మీదకి వంగి చూస్తోంది. నందీశ్వరుడు దిగాడు, పని అయిపోయింది అనుకున్నాను. తీరా చూస్తే అది నా సొరకాయ నములుతోంది. కింది వాటాలో ఉండే రాందేయి వచ్చి లేపింది. లేపినందుకు దాన్ని తిట్టాను కూడా.

దాటను తల్లీ. ఇది కోపంతో అనడం లేదు. ఏడుగురిని కన్నాను, నలుగురిని పసిగుడ్లప్పుడే ఈ చేతులతో గంగలో వదిలాను. బతుకు బాగోలేదని అనను. మామిడిపళ్ళు తిన్నాను, మీ తాతతో పోట్లాడాను, నీకు జడలు వేశాను. కానీ మళ్ళీ మొదటినుంచీ మొదలుపెట్టే ఓపిక లేదు. మళ్ళీ పళ్ళు రావడం, మళ్ళీ ఎవరింటికో కోడలుగా పోవడం, మళ్ళీ పసివాళ్ళ ఒళ్ళు చల్లబడటం చూడటం. ఇక్కడ పోతే అవేవీ ఉండవు. శివుడే వచ్చి కుడి చెవిలో చెప్పాల్సింది చెప్పి పంపించేస్తాడు. అవతల పోతే ఆ భరోసా ఎవరిస్తారు, డాక్టరు ఇస్తాడా? ఆపరేషను బల్ల మీద పోయినవాళ్ళు లేరా? ఇన్నేళ్ళు నడిచి వచ్చి గుమ్మంలో కాలు జారమంటావా?

నిన్ను ఒకటి అడగాలి. ఆఖరి ఘడియలో పక్కన ఏడ్చేవాళ్ళు ఉండకూడదు. ఏడుపు వినపడితే ప్రాణం వెనక్కి తిరిగి చూస్తుంది. రాందేయి అత్తగారు పోతున్నప్పుడు కూతురు గొంతెత్తి ఏడ్చిందని దాన్ని బయటికి పంపి తలుపు గొళ్ళెం పెట్టారు. మీ బాబూజీ ఏడుస్తాడు. చిన్నప్పుడు మేకపిల్ల చచ్చిపోతే అన్నం మానేసినవాడు. శారద సంగతి నీకు చెప్పక్కర్లేదు. ఇంట్లో కళ్ళు పొడిగా ఉండేది నీకొక్కదానికే. వాళ్ళు రాయి అన్నారని బాధపడకు. నాకు కావలసింది రాయే.

వచ్చి నా దగ్గర ఉండు. నేను పడి లేవకపోతే ఎడమ పక్కకి తిప్పి పడుకోబెట్టు, కుడి చెవి పైకి ఉండాలి. నోట్లో తులసి, గంగనీళ్ళు. ఎవరైనా ఎత్తుకుపోతామని వస్తే గుమ్మానికి అడ్డంగా కూర్చో. నువ్వు కూర్చుంటే నిన్ను కదిలించేవాడు ఇంకా పుట్టలేదు.

మామిడి ఒరుగులు ఎండబెట్టాను. కోతులు తినగా మిగిలినవి నీవే.

మీ
ఆజీ


అలహాబాదు
మే 29

ప్రియమైన మొండి ఆజీకి,

దణ్ణాలు. మిగతావాళ్ళు రాయి అని ఊరుకున్నారు. ఆ రాయిని ఎక్కడ వాడుకోవాలో కూడా నువ్వు చెప్పావు. సంతోషం.

ఇప్పుడు నీకు చెప్పకూడని సంగతి చెప్తున్నాను. బాబూజీ సెలవు పెట్టారు. వచ్చే వారం నీ దగ్గరికి వస్తారు, "అమ్మకి సేవ చేసుకుంటాను" అని ఆఫీసులో కూడా చెప్పారు. వాళ్ళ కాలువల శాఖ జీపులో వస్తారు. జీపు ఎందుకో అర్థమైందా? నిన్న భోజనాల దగ్గర బువాతో అంటుంటే విన్నాను. "మెలకువగా ఉంటే అమ్మ దాటదు. స్పృహ తప్పినప్పుడు ఎత్తి జీపులో వేస్తే కళ్ళు తెరిచేసరికి ఆసుపత్రిలో ఉంటుంది. వ్రతం చెడితే ఆ పాపం నాది, నేను మోస్తాను" అన్నారు. బువా, "ఇన్ని కాలువలు తవ్వించావు, ఒక్క కాలువ దాటించలేవా" అంది. ఆయన ఇంకో వాదం కూడా సిద్ధం చేసుకున్నారు. అసి ఇప్పుడు పాత చోట గంగలో కలవడం లేదట, ఆ మురుగంతా ఎగువకి మళ్ళించారట, కాబట్టి నువ్వు కాపలా కాస్తున్న గీత అసలు అక్కడ లేనే లేదట.

ఎందుకు చెప్తున్నానంటే, అది దొంగతనం. నిద్రపోతున్న మనిషి చేతి గాజులు తీసినా దొంగతనమే, గీత దాటించినా దొంగతనమే. కానీ ఆయన కోరేదే నేనూ కోరుతున్నాను. నువ్వు కళ్ళు తెరుచుకుని దాటాలి, అదొక్కటే తేడా.

పోయిన నెల పరీక్షలో ముక్తి మీద ఇరవై మార్కుల ప్రశ్న వచ్చింది. ఆరు పేజీలు నింపాను. ఒంట్లో ప్రాణం ఉండగానే ముక్తి పొందొచ్చని, దానికి ఊరితో పని లేదని, మనిషిని కట్టేసేది కోరిక ఒక్కటేనని. అందులో రాయనిది నీకు రాస్తున్నాను. చీరల మీద, తిండి మీద, మనుషుల మీద అన్ని కోరికలూ వదిలావు. తిరిగి రాకూడదన్న కోరిక వదిలావా? అది మాత్రం కట్టు కాదా?

గురువారం పొద్దున బస్సుకి వస్తున్నాను. ఇంటికి రాను. అసి మీద చిన్న వంతెన ఉంది చూడు, దానికి అవతల, ఆసుపత్రి వైపు టీకొట్టు దగ్గర నిలబడతాను. నీ చెయ్యి పట్టుకోను, లాగను. అటు నుంచి పిలుస్తాను, అంతే. నువ్వు నీ కాళ్ళతో నడిచి రా.

అమ్మకోసం రాలేదు. నాకోసం రా.

నీ
మంజరి


కాశీ
నిర్జల ఏకాదశి

నా మంజరికి,

ఆశీస్సులు. గురువారం అవతలి గట్టు నుంచి నువ్వు చూసింది నీకు తెలుసు. ఇవతలి నుంచి ఎలా ఉందో నేను రాస్తాను.

పెందలాడే స్నానం చేసి, నీకోసం వేడి కచోడీలు కట్టించుకుని బయల్దేరాను. రాందేయి గొడుగు పట్టింది. దారిలో రెండుసార్లు అరుగుల మీద కూర్చున్నాను. వంతెన దగ్గరికి వచ్చేసరికి నువ్వు టీకొట్టు పక్కన పసుపు దుపట్టా తలకి చుట్టుకుని, చేతులు కట్టుకుని, ఒక కాలి మీద బరువు వేసి నిలబడి ఉన్నావు. అచ్చం మీ అమ్మ. నాకు ఒక్క క్షణం ఎవరు పిలుస్తున్నారో తెలియలేదు. కింద కాలవలో బర్రెలు. వాటికి ఏ బాధా లేదు, ఒకసారి ముక్తి వైపు, ఒకసారి పునర్జన్మ వైపు తిరుగుతున్నాయి.

"పది అడుగులు ఆజీ, అంతే" అన్నావు. నేను రెయిలింగు పట్టుకున్నాను. రిక్షావాడు ఒకడు, "ఎక్కండి దాదీ, కళ్ళు మూసుకోండి, తెరిచేసరికి అవతల ఉంటారు" అన్నాడు. "కళ్ళు మూసుకుని దాటేదానికి ఇన్నేళ్ళు తెరుచుకుని కూర్చోవడం దేనికిరా" అన్నాను. అందరూ నవ్వారు. నువ్వు నవ్వలేదు. కచోడీలు రాందేయి చేత పంపితే పుచ్చుకున్నావు. తిన్నావో, బర్రెలకి పెట్టావో. అట్నుంచి అటే బస్సెక్కి వెళ్ళిపోయావు.

నువ్వు రాసింది నిజమే. తిరిగి రాకూడదన్నదీ కోరికే. ఇల్లంతా ఊడ్చేటప్పుడు చీపురు చేతిలో ఉంటుంది కదా. ఊడ్వడం అయ్యాక దాన్నీ మూల పెట్టాలి. నా ఊడ్వడం ఇంకా కాలేదు.

మీ బాబూజీ వచ్చాడు. కాలువ మళ్ళించారన్న మాట నాకూ చెప్పాడు. "మురుగు మళ్ళిస్తే కాశీ పెరుగుతుందంటే, నువ్వే ఆ కాలువని అలహాబాదు దాకా తవ్వరా. అందరూ ఎవరి మంచం మీద వాళ్ళు పడుకుని ముక్తి పొందొచ్చు" అన్నాను. ముఖం మాడ్చుకుని పేపరు ఎత్తుకున్నాడు. ఇప్పుడు మా కాపురం ఇలా ఉంది. వాడు ఎదురు మంచం మీద కూర్చుని పేపరు పైనుంచి నన్నే చూస్తుంటాడు, ఎప్పుడు కళ్ళు తేలేస్తానా అని. నేను గోడకి ఆనుకుని కూర్చుని కళ్ళు తిరగకుండా పట్టుకుంటాను. వాడికి నిద్రపోవాలంటే భయం, నాకు తల తిరుగుతుందంటే భయం. ఈ రోజు మంచినీళ్ళు కూడా ముట్టని ఏకాదశి. "నీళ్ళు తాగకపోతే పడిపోతావు" అని పొద్దున్నుంచీ గ్లాసు పట్టుకుని వెంట తిరుగుతున్నాడు. "పడిపోతే నీకే కదరా మంచిది" అన్నాను. గ్లాసు అక్కడ పెట్టి డాబా మీదకి వెళ్ళిపోయాడు.

ఇంకో మాట. రాయకూడదనే అనుకున్నాను. మీ అమ్మ పోయిందని తంతి వచ్చిన రోజు శారద ఇక్కడే ఉంది. దాన్ని బస్సెక్కించి ఇంటికి రాలేదు నేను. చెప్పులు లేకుండా ఆ వంతెన దగ్గరికే వెళ్ళాను. అలహాబాదు ఏ దారిలో పోవాలో కూడా ఆలోచించలేదు, కాళ్ళు అటే నడిచాయి. పొద్దు గూకేదాకా ఆ రెయిలింగు పట్టుకునే ఉన్నాను. ఒకరికోసం దాటితే అందరికోసం దాటాలి, ఇక గీత అనేది ఉండదు అనుకుని వెనక్కి వచ్చాను. తర్వాత శారద వచ్చి, మంజరి చుక్క కన్నీరు కార్చలేదు అని చెప్పింది. అది తప్పు పడుతూ చెప్పింది. నాకు మాత్రం ధైర్యం వచ్చింది. ఈ ఇంట్లో నాలాంటిది ఒక్కతి ఉందిలే అనుకున్నాను. అందుకే నిన్నే అడుగుతున్నాను.

ఇవతలికి రా తల్లీ.

మీ
ఆజీ


అలహాబాదు
జూన్ 11

ఆజీకి,

కార్డు మీద రాస్తున్నాను, పోస్టుమాన్ చదివినా నాకు పట్టింపు లేదు.

కచోడీలు తిన్నాను. చల్లారిపోయాయి.

అమ్మ పోయిన రోజు నువ్వు అక్కడిదాకా వచ్చావని చదివి నా కోపం తగ్గాలి. తగ్గలేదు. అసలు రాని మనిషి మీద కోపం తెచ్చుకోవడం తేలిక. అంతదూరం వచ్చి వెనక్కి వెళ్ళిన మనిషిని ఏం చెయ్యాలి?

నేను రాను. నీకు కావలసింది రాయి అయితే కాశీలో కొదవేం లేదు. ఘాటు మెట్లన్నీ రాళ్ళే. వాటిలో ఒకదాన్ని పక్కన కూర్చోబెట్టుకో.

మంజరి


కాశీ
ఆషాఢ కృష్ణ సప్తమి

నా తల్లి మంజరికి,

ఆశీస్సులు. అక్షరాలు వంకరగా ఉన్నాయని కంగారు పడకు. పడుకుని రాస్తున్నాను.

శనివారం మధ్యాహ్నం పప్పు ఏరుతూ పడిపోయాను. ఈసారి చాలాసేపు లేవలేదట. సందులోకి జీపు రాదు కదా, మీ బాబూజీ నన్ను చేతుల మీద ఎత్తుకుని రోడ్డు దాకా పరిగెత్తాడట. సందులో వాళ్ళంతా దారి ఇచ్చారట, నేను పోయాననుకుని కొందరు రామనామం కూడా అందుకున్నారట. ఇవన్నీ రాందేయి చెప్పినవి.

నాకు తెలిసింది ఇక్కణ్ణుంచి. కళ్ళు తెరిచాను. పైన జీపు గుడ్డ. కాళ్ళ దగ్గర రాందేయి విసనకర్ర పట్టుకుని ఉంది. జీపు కదలడం లేదు. తల పక్కకి తిప్పితే ఎదురుగా వంతెన. మీ బాబూజీ స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టి, అవతలికి చూస్తూ బొమ్మలా కూర్చున్నాడు. వెనక రిక్షాలు ఆగిపోయాయి. ఎవడో అరుస్తున్నాడు, "ఏం గురూ, నీ జీపు కూడా వ్రతం పట్టిందా?" అని.

"ఏరా, పెట్రోలు అయిపోయిందా?" అన్నాను.

వాడు వెనక్కి తిరగలేదు. "అమ్మా, వంతెన ఎక్కాక నువ్వు పోతే?" అన్నాడు.

"ఎక్కకముందు పోతే?"

"అదీ భరించలేను" అన్నాడు. "పాపం నేను మోస్తానని చెప్పి వచ్చాను. తీరా ఇక్కడికి వచ్చాక చక్రం కదలడం లేదు. నువ్వు మెలకువలో ఉన్నావు కదా, నువ్వే చెప్పు. పోనీ అంటే పోనిస్తాను. తిప్పు అంటే తిప్పుతాను."

ఇక్కడ ఒక సంగతి విను మంజరీ. ఇది నీకు తెలియాలనే ఇంత వంకర చేత్తో రాస్తున్నాను. ఇన్నేళ్ళలో మొదటిసారి నా నోరు రెండు మాటలకీ సిద్ధంగా ఉంది. గుండె ఆగిపోయి మళ్ళీ మొదలైనప్పుడు చెడ్డ భయంగా ఉంటుంది, ఆ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. అవతల టీకొట్టు వైపు చూశాను. నువ్వు మొన్న నిలబడిన చోటు చూశాను. అక్కడ ఎవరూ లేరు. ఒక కుక్క పడుకుని ఉంది.

"తిప్పు" అన్నాను.

వాడు స్టీరింగు మీద తల పెట్టి ఏడ్చాడు. తల నెరిసిన మగవాడు, నడిరోడ్డు మీద. రిక్షావాళ్ళు కూడా గంటలు కొట్టడం ఆపేశారు. తర్వాత కళ్ళు తుడుచుకుని, జీపు వెనక్కి తిప్పి, మళ్ళీ చేతుల మీద ఇంటికి తెచ్చాడు. ఇప్పుడు వాడే వంట చేస్తున్నాడు. పప్పులో ఉప్పు ఉండదు, కూరంతా ఉప్పే. ఆసుపత్రి మాట ఎత్తడం లేదు. కానీ అన్నం పెడుతూ పెడుతూ కళ్ళు తుడుచుకుంటాడు. ఆఖరి ఘడియకి వాడు పనికిరాడు.

నువ్వు ఆ రోజు అవతల నిలబడి ఉంటే నేను ఏమనేదాన్నో నాకు తెలియదు. తెలియదు అనడం కూడా అబద్ధమేమో. నాకు మిగిలిన ముడి అదొక్కటే, అది నీ చేతిలో ఉంది. అది ఎక్కడుందో నీకు చెప్పేశాను. ఇక నువ్వు ఎటువైపు నిలబడతావో నీ ఇష్టం. ఇవతల నిలబడమని అడుగుతున్నాను. పక్కన కూర్చో. రాయిలా కూర్చో. నన్ను పోనీ.

ఇంకోసారి రాయగలనో లేదో.

మీ
ఆజీ


అలహాబాదు
జూన్ 23

నా ప్రియమైన ఆజీకి,

దణ్ణాలు. నీ ఉత్తరం నిన్న వచ్చింది. రాత్రి ఇక్కడ మొదటి వాన పడింది. అసి కూడా పొంగి ఉంటుంది. బర్రెలు ఎటు ఒడ్డున ఉన్నాయో.

నేను అవతల నిలబడి పిలిస్తే నువ్వు వస్తావని ఇప్పుడు నాకు తెలుసు. పొద్దున్నే లేచి జడ కూడా వేసుకోకుండా బస్టాండుకి వెళ్ళాను, టికెట్టు కూడా తీసుకున్నాను. ఆసుపత్రి వైపు దిగి, అదే టీకొట్టు దగ్గర నిలబడి, రాందేయికి కబురు పెడదామని. బస్సు ఎక్కలేదు. ఎందుకో చెప్తాను. ముందు అమ్మ సంగతి చెప్పాలి.

అమ్మని కింద పడుకోబెట్టిన రోజు శారదా బువా నీ దగ్గర్నుంచే వచ్చింది. ఒక చెంబులో గంగనీళ్ళు, నీ మాట ఒకటి తెచ్చింది. నా తల తన భుజానికి ఆనించుకుని చెవిలో చెప్పింది: "ఆజీ చెప్పమంది, నువ్వు ఏడవకూడదట. ఏడిస్తే అమ్మ నడిచే దారి తడిసిపోతుందట, కాలు జారుతుందట." చెప్పి తను మాత్రం గుండెలు బాదుకుంటూ ఏడ్చింది. చెప్పినట్టు ఆమెకే గుర్తు లేదు. నీ ఉత్తరం చూస్తే నీకూ గుర్తు లేదు.

నాకు అప్పుడు పదహారేళ్ళు. నమ్మాను. బుగ్గ లోపల పళ్ళతో గట్టిగా పట్టుకుని కూర్చున్నాను. నోట్లో రక్తం రుచి వచ్చింది, మింగేశాను. అమ్మని తీసుకెళ్ళిపోయాక, ఇక దారి దాటేసి ఉంటుంది, ఇప్పుడు ఏడవొచ్చు అనుకుని స్నానాల గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాను. రాలేదు. మర్నాడూ రాలేదు. అప్పటినుంచి ఇప్పటిదాకా రాలేదు. దాన్ని చూసి ఇంట్లోవాళ్ళు రాయి అన్నారు, నువ్వు ధైర్యం అన్నావు. ఒక్కరూ దగ్గరికి వచ్చి, నోరు తెరిచి చూపించమని అడగలేదు.

ఆజీ, నేను నీలాంటిదాన్ని కాదు. నువ్వు వంతెన దగ్గర నిలబడి నీ మాట నువ్వు నిలబెట్టుకున్నావు. నేను నా మాట కాదు, నీ మాట నిలబెట్టాను.

నిన్న నీ ఉత్తరం చదువుతూ కుక్క పడుకుని ఉంది అన్నచోటికి వచ్చేసరికి కాగితం మీద చుక్క పడింది. వాన కిటికీలోంచి వచ్చిందనుకుని కిటికీ మూశాను. ఇంకోటి పడింది. బువా గుమ్మంలోకి వచ్చి చూసి, ఏమీ అనకుండా వెనక్కి వెళ్ళిపోయింది. ఆమె మాట్లాడకుండా ఒక గదిలోంచి వెళ్ళడం నేను చూడటం అదే మొదలు.

ఇప్పుడు బస్సు ఎందుకు ఎక్కలేదో. నేను పిలిస్తే నువ్వు దాటుతావు. మిషను పెట్టించుకుంటావు. బతుకుతావు. బతికినన్నాళ్ళూ, మంజరి అడిగింది కాబట్టి చేశాను అని, నీ మాట పోగొట్టుకుని నా మాట మోస్తావు. ఒకరి మాట ఒంట్లో పెట్టుకుని బతకడం ఎలా ఉంటుందో నాకు తెలుసు. అది నీకు నేను చెయ్యను. నువ్వు బతకాలనే కోరుకుంటాను, రోజూ పొద్దున్నే ఒకసారి అడుగుతాను, "దాటుదామా ఆజీ?" అని, నీ పక్కనుంచే, ఇవతలి గట్టు మీద నుంచే. నువ్వు సరే అంటే నిన్ను బాబూజీ కాదు, నేను ఎత్తుకెళ్తాను. వద్దు అంటే మళ్ళీ మర్నాడు అడుగుతాను.

గురువారం బస్సుకి వస్తున్నాను. ఈసారి ఇంటికే. బాబూజీకి చెప్పు, నేను వచ్చేదాకా ఉప్పు డబ్బా ముట్టుకోవద్దని.

నువ్వు పడిపోతే ఎవరినీ గుమ్మం దాటనివ్వను. ఎడమ పక్కకి తిప్పి పడుకోబెడతాను, కుడి చెవి పైకి ఉంచుతాను. తులసి, గంగనీళ్ళు నా చేత్తోనే పోస్తాను. నీ తల దగ్గర కూర్చుంటాను, ఎవరు చెప్పినా గది బయటికి వెళ్ళను.

అక్కడే కూర్చుని ఏడుస్తాను.

నీ
మంజరి